కట్ చెప్పని షాట్

"ఆ గిన్నెలు కడక్కు, అలాగే ఉండనీ. ఫ్రేములో బాగున్నాయి" అన్నాడు మా ఆయన.

చేతులకి సబ్బు రాసుకున్నదాన్ని రాసుకున్నట్టే ఆగిపోయాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. ఈ పద్దెనిమిదేళ్ళలో సింకులో గిన్నెలు ఉండిపోయాయని మా అత్తగారు అన్న మాటలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడుకుంటే, తలుపు దగ్గర నిలబడి "గిన్నెలకి కూడా జ్వరమొచ్చిందా?" అని అడిగిన మనిషి ఆవిడ. అదే ఇంట్లో ఇప్పుడు షూటింగ్ ఉన్న రోజున గిన్నెలు కడగకూడదు. మంచం మీద దుప్పటి మడతపెట్టకూడదు. గోడ పెచ్చులూడిన చోట ఏదీ తగిలించి కప్పకూడదు. ఎందుకంటే ఈ కాలం పిల్లలకి నిజం కావాలట. నిన్నటి దాకా నా బద్ధకం అనిపించుకున్నదంతా ఈ రోజు మా ఆయన కళ అయిపోయింది. షూటింగ్ ముగిశాక ఆ గిన్నెలు ఎవరు తోముతారన్న విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

మా ఆయన తీసేవి సినిమాలు కాదు, పాటల వీడియోలు. వెనక ఏ కంపెనీ లేకుండా, పిల్లలు తమ గదుల్లో తలుపులు వేసుకుని, తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని పాడే పాటలుంటాయి చూడండి, ఇండీ అంటారు, వాటికి. ఈయన తీస్తాడు, నేను ఎడిట్ చేస్తాను. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు స్టూడియోలో ఉద్యోగం చేసి నేర్చుకున్న పని అది. మా అమ్మాయి పుట్టాక మానేశాను. మానేశానని అందరూ అనుకుంటారు. "ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త ఇది చూసిపెట్టు" అని మొదలైంది. కాస్త కాస్తా పదకొండేళ్ళయింది. బాల్కనీని అద్దాలతో మూయించి, వాషింగ్ మెషీను పక్కన ఒక బల్ల వేసి, దాని మీద కంప్యూటరు పెట్టాడు. మెషీను తిరిగేటప్పుడు బల్ల ఊగుతుంది, అందుకని బట్టలు వేశాక పని చేయను, పని చేసేటప్పుడు బట్టలు వేయను. వీడియో చివర దర్శకత్వం, ఆలోచన, ఎడిటింగ్ అని మూడు చోట్లా ఆయన పేరే ఉంటుంది. ఒకసారి అడిగాను. "మనిద్దరం వేరువేరా?" అన్నాడు. ఆ మాటకి అప్పట్లో మురిసిపోయాను కూడా.

పిల్లలు ఎందుకింత ఎగబడి చూస్తారని ఆయన్ని అందరూ అడుగుతారు. వాళ్ళు ప్రకటనలు చూస్తూ పెరిగిన పిల్లలు, అబద్ధాన్ని వాసన పట్టేస్తారు, మొదటి మూడు సెకన్లలో తమలాంటి మనిషి ఒకరు కనిపించాలి, అందగత్తె కనిపిస్తే వేలితో పక్కకి తోసేస్తారు అని ఆయన చెప్తాడు. ఆ మాటలు నేను ఒక మధ్యాహ్నం ఆయనకి అన్నం వడ్డిస్తూ అన్నవి. వారం తిరక్కముందే ఎవరో కుర్ర యాంకరుతో ఆయన అదే వరసలో చెప్తుంటే ఫోన్లో చూశాను. అది నేనన్న మాట కదండీ అంటే, "ఇంట్లో అనుకున్న మాటలకి కూడా పేర్లు రాసుకుంటారా" అని నవ్వాడు.

నాకు తెలిసింది ఇంకొంచెం ఉంది, ఆయనకి పూర్తిగా చెప్పలేదు. పాడే పిల్ల చరణం ఎత్తుకునే ముందు ఊపిరి పీలుస్తుంది, దాన్ని కోయకూడదు. తాళం పడిన చోట కోయకూడదు, అర క్షణం ఆగి కోయాలి. మనిషి నవ్వడం అయిపోయాక మొహం మామూలుగా మారే ఆ ఒక్క సెకను ఉంటుందే, దాన్ని వదిలేయాలి. పిల్లలు సరిగ్గా అక్కడ ఆపుకుని మళ్ళీ మళ్ళీ చూస్తారు, ముక్క కోసుకుని ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటారు, అద్దం ముందు తామూ అలా చేసి చూసుకుంటారు. పాపం, పుట్టిన దగ్గర నుంచీ ఎవరిదో ఒకరి ఫోను ముందు నవ్వుతూ పెరిగారు కదా. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. అది చూపిస్తే ప్రాణం పెడతారు. ఆ మొహాన్ని పట్టడానికి మా ఆయన కనిపెట్టిన పద్ధతి, కట్ చెప్పకపోవడం. సీను అయిపోయినా కెమెరా ఆపనివ్వడు. "జీవితం కట్ చెప్తుందా?" అంటాడు, అది మాత్రం ఆయన సొంత మాటే. జీవితం చెప్పదు సరే, గంటలకొద్దీ ఫుటేజీ ముందు కూర్చుని కోసేదాన్ని నేనున్నాను కదా.

ఆ రోజు తీస్తున్నది ఒక అమ్మాయి పాట. ఇరవై రెండేళ్ళుంటాయి, ఎప్పుడూ వదులు చొక్కా వేసుకుని తిరుగుతుంది. నేను పాటమ్మాయి అంటాను. వాళ్ళమ్మ ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే కూనిరాగం తీస్తుందట, ఎవరైనా రాగానే ఆపేస్తుందట. ఆ తల్లి మీద కట్టిన పాట. మా వంటింట్లో తీస్తామన్నారు. పొద్దున్నుంచి నేను టీలు కాచి పోస్తూనే ఉన్నాను. తాగిన కప్పు తానే కడిగి పెట్టింది ఆ పిల్ల ఒక్కతే, దానికి కూడా మా ఆయన "అయ్యో, ఫ్రేము పాడుచేశావు" అన్నాడు. భోజనాలయ్యాక ఆమె మా అమ్మాయి గదిలో నడుం వాల్చింది. కెమెరామన్ని అందరూ గడ్డం అని పిలుస్తారు, నలభై ఏళ్ళవాడు, మా ఆయనతో మొదటి నుంచీ ఉన్నాడు. అతను కెమెరాని అరలో డబ్బాల పక్కన పెట్టి బయటికెళ్ళాడు. నేను ఖాళీ గ్లాసులు తీద్దామని వంటింట్లోకి వెళ్ళాను. వెనకాలే మా ఆయన వచ్చాడు.

"మీ అమ్మ ఆ రోజు మూడుసార్లు ఫోను చేసింది" అన్నాడు.

గ్లాసులు చేతిలోనే ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం మాట అది. ఏదో వీడియో సాయంత్రానికల్లా మా ఆయన ఛానెల్లో ఎక్కించాలి. మా అమ్మ నుంచి ఫోను వస్తే, "తర్వాత మాట్లాడుదువులే" అని ఆయనే ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. సాయంత్రం పని అయ్యాక నేను చేస్తే, పక్కింటావిడ ఎత్తింది. మా అమ్మ ఒక్కతే ఉండేది ఆ ఇంట్లో. తలుపు తీసేసరికే ఆలస్యమైపోయిందని చెప్పింది. ఆ తర్వాత ఒకరోజు కంచం ముందు కూర్చుని ఏడుస్తుంటే, పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, ఉన్నవాళ్ళ సంగతి చూడు అన్నాడు ఈయన. అంతే, మళ్ళీ ఈ ఇంట్లో మా అమ్మ మాట రాలేదు. నేను ఎత్తితే విసుక్కుంటాడు. ఆయన ఎత్తడు.

"నేనే ఎత్తనివ్వలేదు నిన్ను. నాకు గుర్తుంది" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. కిటికీ దగ్గరికి రా, గాలి వస్తుంది అన్నాడు. వెళ్ళాను. ఇంక నావల్ల కాలేదు. నాలుగేళ్ళ నుంచి బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చినదాన్ని, ఆ రోజు ఆ మనిషి ఎదురుగా, పట్టపగలు, గట్టిగా ఏడ్చాను. భుజం మీద చెయ్యి వేశాడు. చెంప మీద పడిన జుట్టు తీసి చెవి వెనక్కి దోపాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఏడుపులో సగం సంతోషం. నా దుఃఖం ఈయనకీ గుర్తుంది, ఇన్నాళ్ళూ చెప్పుకోలేక మోశాడు అనుకున్నాను. తర్వాత రెండు రోజులు ఆయన చొక్కాలు అడక్కుండానే ఇస్త్రీ చేసి పెట్టాను. నేనెంత పిచ్చిదాన్నో తెలియడానికి ఇది చాలు.

మూడో రోజు ఫుటేజీ నా బల్ల మీదికి వచ్చింది. మా పనిలో ఒక అలవాటుంది. పాటల వీడియోలో షూటింగప్పటి సౌండు ఎవరికీ అక్కర్లేదు, పైన పాట పడుతుంది కదా. అందుకని ముక్కలన్నీ లోపలికి తెచ్చుకోగానే నేను మొదట చేసే పని, అన్నిటికీ కలిపి సౌండు తీసేయడం. అందులో ఉండేదేమిటి, ఫ్యాను రొద, గడ్డం దగ్గు. అలా మూగగా చూసుకుంటూ పోతుంటే ఒక ముక్కలో డబ్బాల అంచు కనిపించింది, దాని వెనక కిటికీ, కిటికీ దగ్గర నేను. నోరు సగం తెరిచి, ముక్కు ఎర్రబడి, మెడ నరాలు తేలి, అచ్చం మా అమ్మలాగే ఉన్నాను. బొమ్మ ఆపేసి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మా ఆయనని అడిగితే ఆయన కళ్ళు మెరిశాయి. గడ్డం ఆపడం మర్చిపోయాడట. అనుకోకుండా దొరికిందట. దేవుడిచ్చిన షాట్ అన్నాడు. అది తీసేయండి, అది మా అమ్మ కోసం ఏడ్చిన ఏడుపు, ఊరంతా చూడటానికి కాదు అన్నాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు నచ్చజెప్పాడు. పాటమ్మాయికి చూపించాడట, ఆమె కూడా ఏడ్చిందట. నువ్వే కదా చెప్తుంటావు, ఎవరూ చూడటం లేదనుకున్న మొహం కావాలని, ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది అన్నాడు. నా మాటే నాకు వడ్డించాడు. పేరు వేసేటప్పుడు గుర్తురాని నా మాట అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. అత్తగారు ఇప్పుడు పెద్దకొడుకు దగ్గర ఉంటుంది, రోజూ ఫోను చేస్తుంది. ఆవిడకీ చెప్పాడు. "ఏడుపేగా, నీకేమన్నా కొత్తా? వాడి పనికొచ్చేలా ఒకసారి ఏడిస్తే ఏం పోయింది" అంది ఆవిడ.

రెండు రోజులు ముద్ద మింగుడు పడలేదు. ఆదివారం లోపు వీడియో తయారు కావాలి. శనివారం పొద్దున కూర్చుని నా ఏడుపుని నేనే కోశాను. ఎంత ఉంచాలి, ఎక్కడ ఆపాలి అని మామూలుగా చూసుకున్నట్టే చూసుకున్నాను. మరీ ముక్కు ఎగబీల్చిన చోట తీసేశాను. భుజం మీద చెయ్యి పడటం, జుట్టు వెనక్కి దోపడం మాత్రం పూర్తిగా ఉంచాను. ఊరంతా నన్ను చూసినా ఫర్వాలేదు, ఆ చెయ్యి కూడా చూస్తారు కదా అనుకున్నాను. మొత్తం పద్నాలుగు సెకన్లు వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. మా అమ్మాయికి పదహారేళ్ళు. ప్రతి వీడియో ఆమె స్నేహితురాళ్ళు నలుగురైదుగురిని కింద చాప మీద కూర్చోబెట్టి చూపిస్తాడు మా ఆయన. ఆయన తెర చూడడు, వాళ్ళ మొహాలు చూస్తాడు. ఎవరి చెయ్యి తన ఫోను మీదికి వెళ్తే అక్కడ వీడియో చచ్చినట్టు లెక్క. ఆ రోజు ఒక్క చెయ్యి కదల్లేదు. నా మొహం వచ్చేసరికి ముందు వరసలో పొట్టి జుట్టు పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఇంకొకతె, "మా అమ్మ కూడా ఇలాగే ఏడుస్తుందేమో, నేనెప్పుడూ చూడలేదు" అంది పక్కదానితో. అందరి కళ్ళూ తడి. మా అమ్మాయి ఒక్కతే ఏడవలేదు. గోడవైపు చూస్తూ కూర్చుంది, మధ్యలో లేచి మంచినీళ్ళకని వెళ్ళి మళ్ళీ రాలేదు. పరాయి పిల్లలు కరిగిపోతుంటే కడుపున పుట్టినది ఇలా రాయిలా ఉందేమిటని నా మనసు చివుక్కుమంది.

"ఏం తలుచుకుని ఏడ్చారాంటీ?" అని అడిగింది పొట్టి జుట్టు పిల్ల.

నేను నోరు తెరిచేలోపు, అది ఆంటీ రహస్యం, అడక్కూడదు అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. ఆయన ఉత్సాహం పట్టలేక పాటమ్మాయికి చెప్పడానికి అప్పటికప్పుడే బయల్దేరాడు. సోమవారం పొద్దున్నే ఎక్కించేయాలన్నాడు. మా అమ్మాయి స్నేహితురాళ్ళని సాగనంపడానికి కిందికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. చాప చుట్టి పెట్టి, కప్పులు తీసి, బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్న మనసులో తిరుగుతూనే ఉంది. ఆ రోజు ఆయన అన్న మాటలు మళ్ళీ ఒకసారి వినాలనిపించింది. పద్దెనిమిదేళ్ళలో దొరికిన ఓదార్పు అదొక్కటే. సౌండు తీసేశానే గాని అది ఎక్కడికీ పోదు, ఒక మీట నొక్కితే వస్తుంది. ఆ ముక్కని మొదటి నుంచి పెట్టి, సౌండు తెరిచాను.

నేను లోపలికి రావడానికి ముందు నాలుగు నిమిషాలుంది. ఇంతకు ముందు దాన్ని చూడనేలేదు, ఖాళీ వంటిల్లు అని దాటేశాను. ఫ్యాను రొద. గడ్డం దగ్గు. ఆ తర్వాత గడ్డం గొంతు, "వదిన వస్తున్నట్టుంది, ఆపెయ్యనా అన్నా?"

"ఆపకు. ఆ డబ్బాల మధ్య పెట్టి నువ్వు బయటికెళ్ళు. వాళ్ళమ్మ మాట ఎత్తితే చాలు, రెండు నిమిషాలు పట్టదు" అన్నాడు మా ఆయన.

"పాపం, వద్దన్నా."

"పాపమేముంది. భలే ఏడుస్తుంది. మొహం కిటికీ వైపు తిప్పుకోవాలి, అంతే. జుట్టు అడ్డం పడితే నేను చూసుకుంటాను."

ఇద్దరూ బయటికెళ్ళిన అడుగుల చప్పుడు. తర్వాత గ్లాసుల చప్పుడు, నేను. తర్వాత ఆ మెత్తటి గొంతు. కిటికీ దగ్గరికి రా, గాలి వస్తుంది. బయట ఆకు కదలడం లేదు ఆ రోజు, నాకిప్పుడు గుర్తొచ్చింది. గాలి కాదు, వెలుతురు. చెంప మీద జుట్టు తీయడం ఓదార్పు కాదు, కెమెరాకి అడ్డం. దాన్నే నేను పూర్తిగా ఉంచాను, చూసి మురిసిపోతూ ఉంచాను. ఛీ అనిపించింది, ఆయన మీద తర్వాత, ముందు నా మీదే. మా అమ్మ చావు ఈయనకి నాలుగేళ్ళ నుంచీ గుర్తుంది, నిజమే. ఎప్పుడో ఒకప్పుడు వాడుకోవచ్చని గుర్తుంది.

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగాను. బాల్కనీ తలుపు దగ్గర మా అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో గాని అంతా విన్నదని మొహంలోనే తెలుస్తోంది. కాని ఆ మొహంలో ఆశ్చర్యం లేదు. నాకు భయమేసింది.

"నాకూ అంతే చేశాడు కదమ్మా. మెట్ల మీద" అంది.

ఒక సంగతి నేను మొదటే చెప్పి ఉండాల్సింది. సిగ్గేసి దాటేశాను. మా ఆయనకి పేరు తెచ్చిపెట్టిన వీడియో రెండేళ్ళ నాటిది. అందులో ఒక పద్నాలుగేళ్ళ పిల్ల మా బిల్డింగు మెట్ల మీద కూర్చుని, పైకి చూస్తూ, చప్పుడు లేకుండా ఏడుస్తుంది. పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్ల కోసం పిల్లలు ఆ వీడియోని ఎన్ని లక్షల సార్లు చూశారో. ఎక్కడెక్కడి పిల్లలో తమ ఇళ్ళ మెట్ల మీద అలాగే కూర్చుని, అలాగే పైకి చూస్తూ వీడియోలు తీసుకుని పెట్టారు. ఆ పిల్ల మా అమ్మాయే. మనమ్మాయి ఎంత బాగా నటించిందో చూడు అని మా ఆయన ఫుటేజీ తెచ్చిచ్చాడు. నేను అన్నిటితోపాటు దాని సౌండు తీసేశాను. ముక్కలన్నీ చూసి, కన్నీళ్ళు బాగా నిండిన చోటు వెతికి, ఆ పదకొండు సెకన్లు ఎంచింది నేనే. ఎంత బాగా చేశావే అని ఆమెని ముద్దు కూడా పెట్టుకున్నాను.

"ఏం చెప్పాడు నీకు?" అన్నాను.

మా అమ్మాయి నా వైపు చూడకుండా, వాషింగ్ మెషీను మూత మీద గోరుతో గీస్తూ చెప్పింది. అప్పుడు లెక్కల్లో తప్పింది కదా. మీ అమ్మ నీ మార్కులు చూసి విసిగిపోయింది, బట్టలు సర్దుకుంటోంది, మనల్ని వదిలేసి వెళ్ళిపోతోంది అని చెప్పాడట. పైకి వెళ్ళి గొడవ చేయకు, మెట్ల మీద కూర్చో, దిగేటప్పుడు ఎలాగూ నీ పక్క నుంచే వెళ్ళాలి, అప్పుడు బతిమాలుకో అన్నాడట. కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. పైన తలుపు చప్పుడైనప్పుడల్లా నేనే వస్తున్నాననుకుందట. కాసేపటికి ఆయన వచ్చి, ఉత్తిదే, ఎంత బాగా వచ్చిందో తెలుసా అని భుజం తట్టాడట. అప్పటి నుంచి ఈ పిల్ల స్కూలు నుంచి రాగానే సంచీ కూడా దించకుండా వంటింట్లోకి తొంగి చూసేది. ఆకలి కాబోలనుకుని ఏదో ఒకటి చేతిలో పెట్టేదాన్ని.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వే కదమ్మా ఎడిట్ చేసింది" అంది. "నీకు తెలుసనుకున్నాను."

రెండేళ్ళు. రెండేళ్ళు ఈ పిల్ల నా చేతి అన్నం తింటూ, నా పక్కన పడుకుంటూ, అమ్మకి అంతా తెలుసు, తెలిసే చేసింది అనుకుంటూ ఉంది. మా ఆయన చేసింది మోసం. నేను చేసినదానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియలేదు. నాకేం తెలుసు అని అనుకోవచ్చు, అది నిజం కూడా. కాని విని ఉంటే తెలిసేది. వినడం నా పని కాదనుకున్నాను. కన్నకూతురు ఏడుస్తుంటే ఎందుకే అని అడక్కుండా, ఎక్కడ బాగుందా అని చూశాను. ఆమెని దగ్గరికి లాక్కోబోతే ముందు బిగుసుకుంది. నేను వినలేదమ్మా, సౌండు తీసేశాను, ఒట్టు, వినలేదు అని ఎన్నిసార్లు అన్నానో. చాలాసేపటికి నా భుజం మీద తల పెట్టింది గాని, నమ్మిందో లేదో నాకు తెలియదు. నమ్మమని అడిగే మొహం నాకు లేదు.

తర్వాత కూర్చుని పని చేశాను. సోమవారం వెళ్ళాల్సిన వీడియోలోంచి నా పద్నాలుగు సెకన్లూ తీసేశాను. అసలు ముక్కని కూడా రెండు డిస్కుల్లోంచీ చెరిపేశాను. పాటమ్మాయికి ఒక ఉత్తరం ముక్క రాశాను, ఆ ఏడుపు ఎలా తీశారో ఉన్నదున్నట్టు రాసి, నా మొహం నీ పాటలో ఉండదు, వీలైతే మీ అమ్మనే అడుగు, ఆవిడ ఒప్పుకుంటేనే తీయి అని పెట్టాను. ఆ తర్వాత మా ఆయన ఛానెల్ తెరిచాను. ఎక్కించేదీ, పేర్లు పెట్టేదీ, కింద పిల్లలు రాసిన మాటలకి ఆయన పేరుతో జవాబులిచ్చేదీ అన్నీ నేనే కాబట్టి తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. మెట్ల వీడియోని తీసేయమని నొక్కాను. నిజంగా తీసేయాలా అని అడిగింది. మా అమ్మాయి వైపు చూశాను. తలూపింది. తీసేశాను. ఎక్కడెక్కడి పిల్లలో కోసుకుని దాచుకున్న ముక్కలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, వాటిని నేనేం చేయలేను. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

అరగంట కాకుండానే ఆయన ఫోను. మెట్ల వీడియో కనిపించడం లేదు, ఏదో తేడా చేసింది, వెంటనే చూడు అన్నాడు. నేనే తీసేశాను అన్నాను. మతిపోయిందా అన్నాడు. సౌండు విన్నాను అన్నాను. అటువైపు ఆయన ఏ గొంతు వాడాలా అని వెతుక్కుంటున్నాడని నాకు తెలిసిపోయింది. ఆఖరికి మెత్తటిదే దొరికింది. "నేను వస్తున్నాను, కూర్చుని మాట్లాడుకుందాం. ఎక్కడికీ వెళ్ళకు" అన్నాడు. పెట్టేశాను.

మా అమ్మాయి ఇంకా మెషీనుకి ఆనుకునే ఉంది. గోళ్ళు చూసుకుంటూ, ఏదో మామూలు మాట అడిగినట్టుగా అడిగింది.

"నువ్వు వెళ్ళిపోతావా అమ్మా?"

పిచ్చిపిల్లా, నిన్ను వదిలి ఎక్కడికి వెళ్తానే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పిన మాట, నేను ఈ పిల్లకి ఎన్నోసార్లు చెప్పిన మాట. దాన్ని మింగేశాను. ఈ పిల్లకి ఇంట్లో పెద్దవాళ్ళు మెత్తగా చెప్పిన మాటలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

"వెళ్తాను" అన్నాను. "నీ బట్టలు సర్దుకో."